కొరత నుండి సిలువ వఱకు

(అమ్రోలిలో తెలుగు ఉద్యోగుల, వారి కుటుంబముల సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



"కొరత" యను తెలుగు మాటకు నేడు లోటు అను అర్థ మొక్కటే మిగిలినది. బియ్యపు కొరత, నీటి కొరత, అద్దె యిండ్ల కొరత అని పత్రికలు వ్రాయును, ఉద్యోగులు చెప్పుకొందురు. పాత కథలు చదివిన పెద్దలకు మాత్ర మీ మాట వినగనే వేఱొక యర్థము స్ఫురించును. రాజునకు కోపము వచ్చెను. దొంగను కొరత వేయుమని తలవరుల కాజ్ఞాపించెను. అర్ధరాత్రమున కొరత మీది దొంగ దాహమని కేక వేసెను. ఇట్టి ఘట్టములు కాశీ మజిలీల వంటి కథలందు కొల్లలు. కొఱ్ఱు అనినను శూల మనినను అదియే. నేలలో నిలువుగా పాతిన మొనగల కొయ్య. దానిపై గ్రుచ్చబడిన మనుష్యుడు. చుట్టును చూచుచున్న జనము.

"సిలువ" యను మాట యట్లు తెలుగు నేలపై పుట్టినది కాదు. పశ్చిమాసియా యందలి సిరియాక్ భాషలో "స్లీబా" యను పదము కలదు. ఆ భాషయందు ప్రార్థనలు చేసుకొనిన క్రైస్తవులతో నది మలయాళ దేశమునకు వచ్చి, తమిళమున "సిలువై" యై, తెలుగున "సిలువ" యైనది. ఒకటి యింటి మాట, ఒకటి యోడ దిగివచ్చిన మాట. ఒకటి కథలలోని భయము. వేఱొకటి దేవాలయ శిఖరముపై నిలిచిన చిహ్నము. ఐనను ఈ రెంటికిని మూలమొక్కటే. ఒక మనుష్యుని నొక కొయ్యకు తగిలించి, అతడు మెల్లమెల్లగా చచ్చుట నలుగురికిని చూపవలెనను రాజ్యాధికారపు టాలోచనయే యా మూలము.

తెలుగు సాహిత్యమున ఈ శిక్షకు గుఱియైన వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు మాండవ్య మహర్షి. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టారకుడు 11వ శతాబ్దమున తెనిగించిన ఆదిపర్వమునందే యీ కథ కలదు. మాండవ్యుడు తన యాశ్రమద్వారమున చేతులు పైకెత్తి మౌనవ్రతమున తపస్సు చేయుచుండెను. రాజభటులు తఱుముకొని రాగా దొంగలు కొందఱు సొమ్మును ఆ యాశ్రమమున దాచి, తామును అచ్చటనే దాగిరి. భటులు వచ్చి, దొంగ లెటు పోయిరని యడిగిరి. ముని మాటాడలేదు. వెదకగా సొమ్మును దొంగలును దొరకిరి. మాటాడని మునికి దొంగలతో పొత్తు కలదని తలచి, రాజాజ్ఞ తెచ్చి, అతనిని గూడ కొరత వేసిరి. అన్నపానములు లేకయు ముని చావలేదు. రాత్రివేళ ఋషులు పక్షుల రూపమున వచ్చి యతని చుట్టును వ్రాలి, ఏ పాపమునకు నీ కీ బాధ కలిగినదని పరామర్శించిరి. సంగతి తెలిసి రాజు పరుగెత్తుకొని వచ్చెను, క్షమింపుమని వేడెను. శూలమును పెఱికింప చూచిన నది రాలేదు. చేయునది లేక మొదటికంట కోయించెను. లోపల మిగిలిన మొనతోడనే ముని లోకమున తిరిగెను. ఆ మొనకు "అణి" యని పేరు. అప్పటినుండి యతడు అణిమాండవ్యుడు.

కథ యింతటితో ముగిసినచో నిది రాజుగారి పొరపాటు కథ మాత్రమే యయ్యెడిది. మాండవ్యుడు రాజును శపింపలేదు. నేరుగా యమధర్మరాజు సభకు పోయి, నేనేమి చేసితినని నాకీ శిక్ష యని నిలవేసెను. నీవు పసితనమున నొక పురుగు తోకలో గడ్డిపుల్ల గ్రుచ్చితివి, దాని ఫలమిది, అని ధర్ము డుత్తరము చెప్పెను. అల్పమైన తప్పునకు ఇంత ఘోరమైన దండనమా యని మహర్షి మండిపడి, శూద్రయోనియందు జన్మింపుమని ధర్ముని శపించెను. విదురుని పుట్టుకకు కారణ మదియే. అంతటితో నాగక, పదునాలుగేండ్లలోపు బాలురు చేసిన దానికి పాపము లేదని లోకమునకు కట్టడి చేసెను. దండనము తప్పునకు తగినంతయే యుండవలెననియు, బాలురను పెద్దలతో సమముగా దండింపరాదనియు న్యాయశాస్త్రజ్ఞులు నేడు చెప్పు రెండు సంగతులు, కొరత దిగివచ్చిన వాని నోట భారత కథ పలికించినది. ఈ కథను విదురుని జన్మవృత్తాంతముగా మాత్రమే చెప్పి దాటవేయు పురాణికులు దానికి కొంత యన్యాయము చేయుచున్నారనియే చెప్పవలెను.

ఈ మునియే మార్కండేయ పురాణమున మఱల కనబడును. తిక్కన శిష్యుడైన మారన యా పురాణమును తెనిగించెను. కుష్ఠరోగియైన భర్తను భుజములపై మోసికొని చీకటిలో పోవుచున్న పతివ్రత, భర్త కాలు తగిలి బాధపడిన మాండవ్యుడు, సూర్యోదయమునకు చావుమని శాపము, సూర్యుడే యుదయింపరాదని యామె యాన. తెలుగిండ్ల స్త్రీలకు సుమతి కథగా నిది సుపరిచితము. 1967లో "సతీ సుమతి" యను పేర చలనచిత్రముగ కూడ వచ్చినది. కథ పాతివ్రత్యమును గూర్చినదే కాని, అందొక చిన్న సంగతి గమనింపదగినది. కొరత నడివీథి ప్రక్కనే యున్నది. చీకటిలో నడచువారికి కాలు తగులునంత దాపున నున్నది. ఈ శిక్షకు చోటెప్పుడును దారి ప్రక్కనే. రోమునందును అట్లే యుండెనని ముందు తెలియగలదు.

పురాణములు సరే, నిజముగా నీ శిక్ష భారతదేశమున నుండెనా యని సందేహింప నక్కఱలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, రాజుగారి యేనుగులను గుఱ్ఱములను రథములను హింసించినవారిని, దొంగిలించినవారిని శూలమెక్కింపవలెనని కలదు. అట్టివాని శవమును దహించిన వానికిని, తొలగించిన వానికిని అదియే శిక్ష, లేదా యుత్తమ సాహస దండమని వెంటనే చెప్పబడినది. చచ్చిన పిదపకూడ దేహము ప్రదర్శనముగ నుండవలెననుటయే దాని భావము. రాత్రివేళ కన్నము వేసిన దొంగకు చేతులు నఱకి వాడి శూలముపై నుంచుమని మనుస్మృతి చెప్పుచున్నది.

శూద్రకుని మృచ్ఛకటికమున నీ శిక్షకు గొనిపోవు తంతు కన్నులకు కట్టినట్లు వర్ణింపబడినది. వసంతసేనను చంపెనను అబద్ధపు నేరము పైబడి, చారుదత్తుడు ఉజ్జయిని వీథులలో నడిపింపబడును. మెడలో ఎఱ్ఱగన్నేరు పూలమాల. ముందు డప్పు. ఘోషణస్థానము వచ్చినప్పుడెల్ల చండాలురు నిలిచి, వాని పేరును కులమును నేరమును చాటుదురు. తన్ను చంపబోవు శూలమును తానే భుజముపై మోయుచు నతడు నడచును. రోమనులు దోషిచేత సిలువ యడ్డుకొయ్యను మోయించిన సంగతి తెలిసినవారికి ఈ యంకము చదువునపుడు గుండె గుభేలుమనును. ఒకరి నుండి యొకరు నేర్చుకొనిరని చెప్పుటకు మాత్రము ఆధారము లేదు. క్రూరత్వము ఎచ్చటికచ్చట స్వయముగానే యిట్టి పోకడలు పోగలదు.

ఇక భారతదేశము దాటి చూతము. సిలువ శిక్షను పారసీకులు కనిపెట్టిరని పుస్తకములలో తఱచుగ కనబడును. ఇంత తేలికగ చెప్పివేయుట తగదు. సుమారు క్రీ.పూ. 1750 నాటి హమ్మురాబి శాసనమునందే, పరపురుషుని కొఱకు మగనిని చంపించిన స్త్రీని కొఱ్ఱున గ్రుచ్చవలెనను నిబంధన కలదు. అస్సీరియా ప్రభువులు దానిని యుద్ధతంత్రముగ మార్చిరి. సెన్నాకెరిబు క్రీ.పూ. 701లో యూదయా దేశమందలి లాకీషు కోటను పట్టుకొని, ఆ ముట్టడిని నినెవె నగరమందలి తన మందిరపు గోడలపై చెక్కించెను. లండను బ్రిటిషు మ్యూజియమున నున్న యా రాతిపలకలపై, కోట గోడ ప్రక్కన ముగ్గురు మనుష్యులు రొమ్ముల క్రింద గ్రుచ్చిన కొయ్యలపై వ్రేలాడుచుందురు. వారి తలలు ముందునకు వాలి యున్నవి. కోటలోపలి వారు చూచి ద్వారములు తెఱవవలెనని పన్నిన యుపాయమది.

పారసీక చక్రవర్తి దరియస్సు బెహిస్తూను కొండపై మూడు భాషలలో చెక్కించిన శాసనమున, తనపై తిరుగబడిన ఫ్రవర్తిషుని ముక్కు చెవులు నాలుక కోయించి, ఒక కన్ను తీయించి, వాకిట కట్టి జనులకు చూపి, పిదప ఎక్బటానా నగరమున కొఱ్ఱెక్కించితినని గర్వముగ చెప్పుకొనెను. అతడు బాబిలోనున 3,000 మందిని కొయ్యల కెక్కించెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటసు వ్రాసినాడు. ఈ దరియస్సు సామ్రాజ్యమున సింధు ప్రాంతమును ఒక భాగమే. దానిని బట్టి భారతదేశమునకు శూలము పారసీకము నుండియే వచ్చెనని తేల్చుట తొందరపాటు. దారి యొకటి తెఱచి యుండెనని మాత్రము చెప్పవచ్చును.

ఆ దారిని వచ్చిన వేఱొకడు అలెగ్జాండరు. క్రీ.పూ. 332లో తూరు నగరమును ఏడు నెలలు ముట్టడించి పట్టుకొనిన పిదప, మిగిలిన యువకులలో 2,000 మందిని సముద్రపుటొడ్డున కొయ్యలకు కొట్టించెను. క్రీ.పూ. 325లో సింధు దేశపు రాజొకడు మొదట లొంగి తరువాత తిరుగబడగా, అతనిని పట్టితెప్పించి అతని రాజ్యమునందే వ్రేలాడదీయించెను. గ్రీకులు ఆ రాజును మూసికనుస్ అనిరి. అతని నసలు పేరుతో పిలిచిన గ్రంథమేదియు దొరకదు. తిరుగుబాటునకు ప్రోత్సహించిన బ్రాహ్మణులకును అదే గతి పట్టెనని అరియను చెప్పుచున్నాడు. అరియను వాడిన గ్రీకు క్రియకు వ్రేలాడదీయుట యనియే యర్థము. లాటిను రచయిత కర్టియసు సిలువ యనియే చెప్పినాడు. గుజరాతునకు పొరుగుననే యున్న సింధునందు ఈ శిక్ష జరిగిన తేదీతో కూడ తెలియుట చరిత్రలో నరుదైన విషయము.

ఇచ్చట భాషను గూర్చి యొక మాట. గ్రీకున "స్టౌరొస్" అనిన మొదట నిలువుకొయ్య, కంచెకు పాతు గుంజ యని యర్థము. అడ్డుకొయ్య యున్నదో లేదో, మేకులు కొట్టిరో త్రాళ్లు కట్టిరో, బ్రతికి యుండగనో చచ్చిన పిదపనో, ఆ మాటను బట్టి చెప్పజాలము. తెలుగున "కొరత వేసిరి" అనిన ఎంత తెలియునో అంతయే. అందువలన ప్రాచీన గ్రంథములలో ఈ పదము కనబడిన ప్రతిచోటను క్రైస్తవాలయములందలి సిలువ యాకారమును ఊహించుకొనుట పొరపాటు.

గ్రీకు లీ శిక్షను పరదేశీయుల మోటుతనముగ ఈసడించుచుండిరి. ఐనను అవసరము వచ్చినప్పుడు వారును దానికి వెనుదీయలేదు. క్రీ.పూ. 479లో ఏథెన్సు సైన్యము పారసీక పాలకుడు ఆర్తయక్తుని పట్టుకొని, బ్రతికి యుండగనే పలకకు మేకులతో కొట్టి నిలబెట్టి, అతని కన్నులయెదుటనే కుమారుని రాళ్లతో కొట్టి చంపిరి. ఆ సైన్యాధిపతి క్సాంథిప్పసు. ఏథెన్సు కీర్తికి మూలపురుషుడైన పెరిక్లీసునకు కన్నతండ్రి. ప్లేటో తన "రిపబ్లిక్" గ్రంథమున ఒక పాత్రచేత నొక మాట చెప్పించినాడు: పూర్తిగా ధర్మపరుడై, అధర్మపరుడని పేరు పడినవాడు లోకమున కొరడాదెబ్బలు తిని, కన్నులు పోగొట్టుకొని, తుదకు కొఱ్ఱెక్కునని దాని సారము. మాండవ్యుని కథ ప్లేటో వినలేదు. వినినచో నాశ్చర్యపడి యుండడు.

ఉత్తరాఫ్రికా యందలి కార్తేజి వారు ఈ శిక్షను తమ సొంత సేనాపతులకే విధించిరి. యుద్ధమున నోడిన నాయకునికి సిలువ యని యొక పద్ధతి. క్రీ.పూ. 258లో సార్డీనియాలో ఓడిపోయిన హన్నిబాలును, అనగా రోమును వణికించిన ప్రసిద్ధ హన్నిబాలు కాదు, గిస్కో కొడుకును, అతని సైనికులే సిలువ వేసిరి. క్రీ.పూ. 241–237 మధ్య జీతపు సైనికులు తిరుగబడినప్పుడు వారి నాయకుడు స్పెండియుసును కార్తేజి వారు శిబిరమునకు కనబడునట్లు సిలువ వేసిరి. రెండవ నాయకుడు మాథో హఠాత్తుగ పైబడి, కార్తేజి సేనాని యైన మఱియొక హన్నిబాలును పట్టి, స్పెండియుసు శవమును దింపి, ఆ సిలువకే యతనిని ప్రాణములతో కొట్టించెను. ఒకే కొయ్య ఉభయపక్షములకును ఉపయోగపడినది.

రోమనులు కార్తేజి యుద్ధములలో దీనిని నేర్చిరని పలువురి యభిప్రాయము. క్రీ.పూ. 217లో కుట్ర పన్నిరని 25 మంది బానిసలను సిలువ వేసినట్లు లివీ వ్రాసెను. క్రీ.పూ. 201లో యుద్ధము ముగిసినప్పుడు, శత్రువులలో చేరిన లాటిను జాతివారికి శిరచ్ఛేదమును, రోమను పౌరులకు సిలువయు విధింపబడెను. ఈ రెండు శిక్షలలో నేది యెక్కువదో దీనివలన తెలియుచున్నది. కాలక్రమమున నది బానిసల శిక్షగ స్థిరపడెను. ఏలనన, రోము బ్రతుకు బానిసల చాకిరిపై నిలిచినది. ఆ బానిసలను అదుపున నుంచుట కొక భయము కావలెను.

ఆ భయము క్రీ.పూ. 71లో తన విశ్వరూపము చూపెను. స్పార్టకసు తిరుగుబాటు అణగిన పిదప, క్రాస్సుసు పట్టుబడిన 6,000 మందిని కాపువా నుండి రోము వఱకును ఆప్పియా మార్గము పొడవున సిలువ వేయించెను. దూరము సుమారు 200 కిలోమీటర్లు. అనగా సగటున 33 మీటర్లకు ఒక మనుష్యుడు. సంతకు పోవు రైతు, పుట్టింటికి పోవు కోడలు, ఉత్తరము మోసికొని పోవు బంటు, అందఱును ఆ రాజమార్గముననే నడువవలెను. మైలురాళ్లకన్న దగ్గఱగా మనుష్యులు వ్రేలాడిరి.

సిసిరో మాటలలో ఈ శిక్షపై రోమను పెద్దమనుష్యుల మనసు తెలియును. సిసిలీ గవర్నరు వెర్రెసు, గావియుసు అను రోమను పౌరుని మెస్సానా నగరమున సిలువ వేయించెను. నేను రోమను పౌరుడనని యతడు కొరడాదెబ్బల మధ్య మొఱపెట్టెను. పౌరుడవైనచో నీ స్వదేశమును చూచుచు చావుమని, సిలువను ఇటలీ తీరమునకు ఎదురుగ నాటించెను. క్రీ.పూ. 70లో సిసిరో ఈ సంగతి బయటపెట్టి నిప్పులు క్రక్కెను. క్రీ.పూ. 63లో వేఱొక వ్యాజ్యమున, సిలువ యను మాటయే రోమను పౌరుల తలపులకు, కన్నులకు, చెవులకు దూరముగ నుండవలెనని వాదించెను. చక్కని వాదమే. ఆ దారి పొడవున చచ్చిన ఆఱువేల బానిసలను గూర్చి మాత్రము ఆ మహావక్త కిట్టి యాగ్రహము కలుగలేదు.

పని జరుగు తీరిది. దోషిని ముందు కొరడాలతో కొట్టుదురు. "పాటిబులుం" అను అడ్డుకొయ్యను భుజములపై పెట్టి ఊరి వెలుపలికి నడిపింతురు. అచ్చట నిలువుకొయ్య ముందే పాతి యుండును. చేతులను త్రాళ్లతో కట్టుటయు కలదు, మేకులతో కొట్టుటయు కలదు. ఒకటే పద్ధతి యనుకొనరాదు. కొందఱిని తలక్రిందులుగ, కొందఱిని చేతులు చాచి వేసిరనియు, కొందఱిని కొయ్యకు గ్రుచ్చిరనియు సెనెకా చెప్పుచున్నాడు. కూర్చుండుట కొక చిన్న పీటకొయ్య కొట్టుటయు నుండెను. అది దయచే గాదు. ప్రాణము త్వరగా పోకుండుటకు. కాళ్లు విఱుగగొట్టుటయే దయ. చావునకు అసలు కారణము ఊపిరాడకపోవుటయా, రక్తము తరిగి గుండె డస్సిపోవుటయా యని వైద్యులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు.

నేపుల్సు దగ్గఱి పుతేయోలి పట్టణమున దొరకిన యొక శాసనము వీని యన్నింటికన్న చలి పుట్టించును. అది ఆ పట్టణమున శవసంస్కారముల గుత్తకు సంబంధించిన నిబంధనావళి. తన బానిసను సిలువ వేయింపగోరు యజమానికి గుత్తదారు కొయ్యలు, కట్లు, కొరడాలు వేయు మనుష్యులు సమకూర్పవలెను. ఒక్కొక్క పనివానికి నాలుగు సెస్టర్సుల కూలి యజమాని చెల్లింపవలెను. టెండరు పత్రములును, రేట్ల పట్టికలును దినదినము చూచు ప్రభుత్వోద్యోగులకు ఈ భాష క్రొత్తది కాదు. అందు క్రోధము లేదు, కసి లేదు. ధర మాత్రమే కలదు.

యూదయా దేశమున కథ మఱియొక మలుపు తిరిగెను. చచ్చినవాని శవమును మ్రానుపై రాత్రి యంతయు ఉంచరాదని యూదుల ధర్మశాస్త్రము. ఐనను సుమారు క్రీ.పూ. 88లో యూదుల రాజైన అలెగ్జాండరు యన్నయుసు తన్నెదిరించిన 800 మంది యూదులనే సిలువ వేయించి, వారు చూచుచుండగ ఆలుబిడ్డలను చంపించెనని జోసీఫసు చెప్పును. రోమను గవర్నరు వారుసు క్రీ.పూ. 4లో 2,000 మందిని వేయించెను. పొంతి పిలాతు అధికారమున నున్న క్రీ.శ. 26–36 మధ్య, బహుశః 30లోనో 33లోనో, నజరేయుడైన యేసు సిలువ వేయబడెను. ఆ దినమున రోము రాజ్యపు లెక్కలలో నది మూడు సిలువల చిన్న పని. తెలుగున గుఱ్ఱము జాషువ "క్రీస్తు చరిత్ర"గ గానము చేసి, 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది ఆ చరిత్రమునే.

క్రీ.శ. 70లో యెరూషలేము ముట్టడియందు, ఆకలికి తాళలేక కూరాకు ఏఱుకొన బయటికి వచ్చిన బీదలు పట్టుబడి, దినమునకు 500 మందివఱకు గోడల యెదుట సిలువ వేయబడిరి. సిలువలకు చోటు చాలలేదు, మనుష్యులకు సిలువలు చాలలేదని జోసీఫసు వ్రాసెను. అతడు స్వయముగ నొక దినము త్రోవలో సిలువలపై తన పరిచితులు ముగ్గురిని గుర్తుపట్టి, కన్నీటితో సేనాని టైటసును వేడుకొనెను. వెంటనే దింపించి వైద్యము చేయించిరి. ఇద్దఱు చచ్చిరి. ఒకడు బ్రతికెను. సిలువ దిగి బ్రతికిన మనుష్యుని గూర్చి ప్రాచీన గ్రంథములలో నున్న సాక్ష్యము ఇది.

ఇన్నివేలమంది చచ్చినను వారి యెముకలు దొరకుట దాదాపు శూన్యము. శవములు పూడ్పునకు నోచుకొనలేదు. త్రాళ్లు మేకులవలె నిలువవు. మేకులను ఊడబెఱికి మఱల వాడుకొనిరి. సిలువ మేకు ముక్కను ఉన్నిలో చుట్టి మెడకు కట్టినచో చాతుర్థిక జ్వరము తగ్గునను జనుల నమ్మకమును ప్లినీ పేర్కొన్నాడు. తాయెత్తుల సంగతి యెఱిగిన తెలుగువారికి దీనిని వివరింప నక్కఱలేదు. 1968లో యెరూషలేము ఈశాన్యమున గివాత్ హ-మివ్తార్ అను చోట గుహాసమాధులు బయల్పడగా, యెహోహనాన్ అను పేరు చెక్కిన రాతిపెట్టెలో ఒక మడమ యెముక మేకుతో సహా దొరకెను. మేకు పొడవు 11.5 సెంటీమీటర్లు. కొయ్యలోని ముడికి తగిలియో యేమో దాని మొన వంగిపోయినది. ఊడదీయలేక యెముకతోనే పూడ్చిరి. ఆ మొన వంగకున్నచో ఆ యువకుని చావు ఎవరికిని తెలియకుండెడిది. రెండు మడమలకును కలిపి ఒకే మేకు కొట్టిరని మొదట ప్రకటించిరి; 1985లో మఱల పరీక్షించి, మేకు కుడి మడమలో మాత్రమే యున్నదని సవరించిరి. ఇంగ్లండున కేంబ్రిడ్జి ప్రాంతమందలి ఫెన్‌స్టాంటన్ గ్రామమున 2017లో త్రవ్విన సమాధులలో, కుడి మడమలో మేకు దిగిన మఱియొక అస్థిపంజరము లభించెను. 2021లో దానిని లోకమునకు వెల్లడించిరి. అతడు క్రీ.శ. 130–360 మధ్య కాలమువాడు. యెరూషలేము నుండి ఆ గ్రామము వఱకు గల దూరమే ఈ శిక్ష వ్యాపించిన మేర.

నాలుగవ శతాబ్దమున కాన్‌స్టంటైను చక్రవర్తి దీనిని మాన్పించెనని ఆ కాలపు గ్రంథములు తెలుపుచున్నవి. మరణదండన మాగలేదు, ఉరికొయ్య వచ్చెను. సిలువలను కన్నులార చూచిన తరములవారు దానిని చిత్రించుట కిష్టపడలేదు. యేసు సిలువపై నున్నట్లు రోములో సాంతా సబీనా గుడి తలుపుపై చెక్కినది ఐదవ శతాబ్దమున; అప్పటికి నిజమైన సిలువను చూచినవారు లేరు. మద్రాసు సెంటు థామసు కొండపై 1547లో పోర్చుగీసువారికి దొరకిన ప్రాచీన శిలాసిలువపై మానవరూపమే లేదు. చుట్టును పహ్లవీ లిపిలో వ్రాత కలదు. సూరతు, నవసారి, ఉదవాడలయందలి పారసీలకు పహ్లవి మతగ్రంథముల భాష. శిక్షగ బెహిస్తూను కొండపై పారసీక లిపిలో చెక్కబడిన కొయ్య, వేయేండ్లకు పైబడిన పిదప పూజాచిహ్నమై, పారసీక లిపితోడనే దక్షిణ భారతమున వెలసినది.

శిక్షగ సిలువ రోముతో అంతరింపలేదు. అది మఱల తలయెత్తిన చోటు జపాను. అచ్చట చచ్చినవారిలో నొకడు ఈ ప్రాంతమువాడు. తపతీ నదికి ఉత్తరపు గట్టున నున్న అమ్రోలి వాసులు సూరతున బండి యెక్కి ముంబయికి పోవునపుడు, సుమారు 200 కిలోమీటర్లు సాగిన పిదప వసై రోడ్ అను స్టేషను వచ్చును. ఆ వసై 1534 వఱకు గుజరాతు సుల్తానుల యేలుబడిలోనిది. బహదూరు షా దానిని పోర్చుగీసువారికి వదలుకొనెను. అచ్చట సుమారు 1557లో గొన్సాలో గార్సియా జన్మించెను. తండ్రి పోర్చుగీసువాడు, తల్లి ఈ దేశస్థురాలు. గురువుల వెంట జపాను చేరి, ఆ భాషను చక్కగా నేర్చి, కొంతకాలము వ్యాపారము చేసి, మనీలాలో ఫ్రాన్సిస్కను సన్న్యాసులలో చేరెను. వారి దూతబృందమునకు దుబాసిగ జపాను పాలకుడు హిదెయోషి యెదుట నిలిచెను. హిదెయోషి తొలుత ఆదరించి, తరువాత ఆగ్రహించెను.

1597 ఫిబ్రవరి 5న నాగసాకి కొండపై 26 మంది సిలువ వేయబడిరి. క్యోటోలో వారి యెడమ చెవులు కోసి, బండ్లపై ఊరేగించి, చలికాలమున నెల దినములు దారి పొడవున నడిపించి తెచ్చిరి. ఊరూర జనము చూచిరి. ఉజ్జయిని వీథులలో చారుదత్తుని నడిపించిన తీరే యిది. డప్పు మాత్రము తక్కువ. జపాను పద్ధతిలో మేకులు లేవు. ఇనుప కట్లతోను త్రాళ్లతోను బిగించి, ఇరుప్రక్కల నుండి ఈటెలతో పొడుతురు. ఆ 26 మందిలో విదేశములనుండి వచ్చిన ఫ్రాన్సిస్కనులు ఆఱుగురు. వారిలో గొన్సాలో యొకడు. తక్కిన యిరువదిమందియు జపానీయులే. రోములోని పోపు 1862లో వారినందఱిని పునీతులుగ ప్రకటించెను. వారిలో కడపటి చిన్నవాడు లూయీ ఇబరాకి. అతని వయస్సు 12 సంవత్సరములు. మాండవ్యుడు విధించిన పదునాలుగేండ్ల మర్యాదకు ఇంకను రెండేండ్లు తక్కువ.